హారన్ కొట్టిన అభిసారిక

కొత్తగా కాలేజీ ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు ఒక మాట చెప్తా, వినండి. ఏదైనా ఫంక్షన్ పెట్టుకొని, మంచి మంచి పనులన్నీ పెద్దోళ్ళు పంచుకొని, మిగిలిపోయిన పనికిమాలిన పని ఒకటి మీ మీద పడేసినారనుకోండి. మూతి ముడుచుకోవద్దు. కండ్లకద్దుకొని తీసుకోండి. ప్రొద్దుటూరులో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి చెప్పి నేను గొంతు అరగదీసుకున్నా. నాకు పేరు తెచ్చింది మాత్రం అట్లాంటి పనే. నా నోటికి జడిసి, నన్నొక మూలన కూర్చోబెట్టాలని కమిటీ వాళ్ళు ఇచ్చిన పని.

మాది లింగాల దగ్గర పల్లె. మెట్టినిల్లు జమ్మలమడుగు. రోజూ పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కి, సీటు దొరికితే ఆ రోజు చెప్పాల్సిన పద్యాలు చూసుకునేదాన్ని. కండక్టరు నాకు బాగా తెలిసినాయన. టికెట్టు చించి చేతికిస్తా, "ఏం మేడమ్, ఈ పొద్దు ఏ రాణి ఏడుస్తాంది?" అని అడిగేవాడు. ఆయప్పకు ఎట్లా తెలిసిందో గానీ నా సిలబస్ మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉండాది. మన పాత కావ్యాల్లో ఆడమనిషికి పెద్దగా పనులుండవు. ఎదురుచూడాల, అలగాల, ఏడ్వాల, ముస్తాబు కావాల. శాస్త్రం రాసినోళ్ళు తీరిగ్గా కూర్చొని ఆమెను ఎనిమిది రకాలుగా విడగొట్టి పేర్లు పెట్టినారు. మొగుని కోసం ముస్తాబై కూర్చునేదానికి ఒక పేరు, వాడు రాకపోతే ఏడ్చేదానికి ఒక పేరు, వాడు ఇంకొకచోట పండుకొని తెల్లారి వస్తే తిట్టేదానికి ఒక పేరు. ప్రియుని కోసం చీకట్లో, వానలో తానే ఇల్లు దాటి పోయేదాన్ని అభిసారిక అన్నారు. ఈ ఎనిమిది మందిలో ఒక్కతి కూడా కసువు ఊడ్చదు, నీళ్ళ ట్యాంకరు కాడ బిందె పెట్టదు.

ఈ సంగతి మా పిల్లలు తొందరగానే పసిగట్టేవాళ్ళు. ఒకసారి నాయిక విరహంతో పూలపాన్పు మీద పొర్లాడే పద్యం చెప్తాంటే వెనక బెంచీ పిల్ల లేచింది. "మేడమ్, ఆయమ్మ అట్ల పండుకొని ఉంటే బర్రెల పాలు ఎవురు పిండుతారు?" క్లాసంతా ఘొల్లుమనింది. నేనూ నవ్వినా. ఆ నవ్వు పక్క గదిలోకి వినపడి, మా డిపార్ట్‌మెంటు హెడ్డు నన్ను పిలిచి మందలించినాడు. "రసం చెడగొట్టద్దమ్మా" అన్నాడు. పాపం ఆయనకు రసమన్నా భయమే, పైవాళ్ళన్నా భయమే.

కొత్త నవలలైనా తక్కువ తిన్నాయా అంటే, అదీ లేదు. మా లైబ్రరీలో నవలలన్నీ చదివినదాన్ని, నన్నడగండి. మొగుడు పోయిన ఆడది ఎవుర్నన్నా ఇష్టపడిందంటే చాలు, ఆఖరు అధ్యాయానికి రచయిత ఆమెకు పాడె కట్టేస్తాడు. జాలిగుండె రచయిత అయితే క్షయ, లేదంటే బావి. ఆమె బతికి బట్టకట్టి, పిల్లల్ని బడికి పంపి, సాయంత్రం ఉల్లిగడ్డలు తరుక్కుంటా కనిపించిన పుస్తకం నాకు ఒక్కటీ దొరకలేదు.

మా కాలేజీ కరెస్పాండెంటు పెద్ద సేద్యగాళ్ళ ఇంటి మనిషి. చుట్టుపక్కల పంచాయతీ ఏదైనా ఆయన వాకిట్లోకే రావాల. అంతటి మనిషికి కావ్యాలంటే పిచ్చి. అప్పుడప్పుడు చెప్పాపెట్టకుండా నా క్లాసుకొచ్చి వెనక కూర్చునేవాడు. నాయిక కంటనీరు పెట్టే పద్యం వచ్చిందంటే కండువాతో కండ్లు ఒత్తుకునేవాడు. నటన కాదు, నిజంగానే ఏడ్చేవాడు. "ఏం ప్రేమమ్మా! ఏం తెగువ! ఇప్పటి ఆడోళ్ళకు యాడుంటాది?" అని నిట్టూర్చి, కారెక్కి పోయేవాడు.

ఇంగ అసలు సంగతికొస్తా. మా డిపార్ట్‌మెంటులో ఒక చిన్న లెక్చరరు ఉండేది. కాంట్రాక్టు మనిషి. ఏటేటా కమిటీ కూర్చొని సరే అంటేనే ఉద్యోగం. కొండాపురం దిక్కు పిల్ల. ఊరు గండికోట డ్యాము నీళ్ళల్లో మునిగిపోతే ఇంటిల్లిపాదీ పునరావాస కాలనీకి వచ్చిపడినారు. మొగుడు లారీ ప్రమాదంలో పోయినాడు, చంకలో ఆడబిడ్డ. ఆ బిడ్డను పెట్టుకొనే చదివి, ఉద్యోగం తెచ్చుకొని, స్కూటీ కొనుక్కొని, ప్రొద్దుటూరులో ఒంటి గది తీసుకొని ఉండేది. పాఠం చెప్తే పిల్లలు కదిలేవాళ్ళు కాదు. నన్ను మేడమ్ మేడమ్ అని ఎంతో మర్యాదగా పిలిచేది గానీ, నా క్యారియరు మూత మాత్రం నాకంటే ముందు తనే తీసేది.

ఒకరోజు స్టాఫ్ రూములో నా చింతకాయ పచ్చడి నంజుకుంటా చల్లగా చెప్పింది. "మేడమ్, నేను మళ్ళా పెండ్లి చేసుకుంటాండా."

"ఎవుర్నే?"

"లైన్‌మన్. ఇప్పుడు పులివెందులలో చేస్తాండాడు. ముందు ఈడనే ఉండె. మా గదిలో కరెంటు పోతే బాగు చేసేదానికి వచ్చినాడు."

"వచ్చి?"

"కరెంటు వచ్చింది మేడమ్" అనింది, తలొంచుకొని నవ్వుతా.

కులం వేరే. అతనికీ ఒకసారి పెండ్లై విడిపోయింది. వాళ్ళమ్మ ఒప్పుకున్యాది, ఈ పిల్ల ఇంట్లో వాళ్ళు గొణుక్కుంటా ఒప్పుకున్యారు. ఎండాకాలం సెలవుల్లో రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకోవాలని అనుకున్నారు. "భయం లేదా?" అని అడిగినా. "మేడమ్, నేను చదివిన ప్రతి కథలో నాలాంటిది ఆఖర్న చచ్చిపోతాది. నేను మాత్రం ఆదివారం చేపలు తినేదానికి పోతాండా" అనింది.

పోయింది. ముగ్గురూ మైలవరం డ్యాము కాడికి పోయినారు. ఎవుడో మహానుభావుడు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టినాడు. ఆ ఫోటోలో ఏముండాదనుకుంటాండారు? ముగ్గురూ కాగితం ప్లేట్లలో వేయించిన చేపలు తింటాండారు. అంతే! అతను ముల్లు తీసి బిడ్డ నోట్లో పెడతాండాడు. బిడ్డకు గుచ్చుకోకుండా తీసిన ఆ ముల్లు పోయి ఊర్లో వాళ్ళందరి గొంతులో గుచ్చుకున్యాది. సోమవారం పొద్దునకంతా తల్లిదండ్రుల గ్రూపులో ఒకటే గోల. ఆడపిల్లల కాలేజీలో ఇదేం నీతి, పిల్లలకు ఏం నేర్పుతాంది ఈయమ్మ, అని. వాళ్ళలో సగం మంది ఆదివారాలు అదే డ్యాము కాడ అవే చేపలు తినేవాళ్ళే.

కరెస్పాండెంటు నోటిమాటగా హెడ్డుకు చెప్పేసినాడు, ఈసారి ఆ పిల్లకు కాంట్రాక్టు వద్దని. హెడ్డు నాకు గుసగుసగా చెప్పినాడు. నేను పిల్లకు చెప్పినా. చెప్పకుండా ఎట్లుండేది? ఆమెకు ఉద్యోగం పోతాదనే దిగులు కంటే పెద్ద దిగులు ఇంకొకటి ఉండాదని నాకు అప్పుడు తెలిసింది.

"ఉద్యోగం పీకేస్తే నేను ఆ పెండ్లి చేసుకోను మేడమ్. తప్పు చేసింది కాబట్టి పీకేసినారు, దిక్కులేక వాన్ని కట్టుకున్యాది అంటారు. నా బిడ్డ ఆ మాట వింటా పెరగాల్నా?"

నాకు తిక్క రేగింది. నేరుగా కరెస్పాండెంటు దగ్గరకు పోయినా. నాకు తెలిసిన సాహిత్యమంతా వెంటబెట్టుకొని పోయినా.

"సార్, పోయిన వారమే కదా మీరు నా క్లాసులో అభిసారిక పద్యానికి ఏడ్చినారు? ఆయమ్మ అర్ధరాత్రి, అత్తను ఏమార్చి, పాములు తిరిగే దావన పోయింది. మా పిల్ల పట్టపగలు పోయింది. అదీ బిడ్డను తోడు తీసుకొని పోయింది. ఎవురు నయం?"

ఆయన నన్ను జాలిగా చూసినాడు. "కావ్యం వేరు, కాలేజీ వేరమ్మా. ఆయమ్మ పుస్తకంలో ఉండాది. ఈయమ్మ మన హాజరుపట్టీలో ఉండాది. నీకు రిటైర్మెంటు దగ్గర పడతాంది, గమ్మున ఉండు. కాఫీ తాగిపో."

తాగినా. కాఫీ బాగానే ఉండె. బయటికొచ్చినాక గానీ నాకు మంచి జవాబు తట్టలేదు, అప్పటికి ఆయన కారు పోయింది. ఎప్పుడూ అంతే కదా. ఇంత చేసి పిల్ల దగ్గరకు పోతే, ఆమె కూడా నన్నే గద్దించింది. "నాకోసం మీరు ఎవుర్నీ బతిమాలద్దు మేడమ్. బతిమాలితే నేను తప్పు చేసినట్టు ఉంటాది."

అదీ నిజమే. ఇంగ ఏం చేయాలో తెలీక బస్సులో కిటికీ పక్కన కూర్చొని కోపంతో పండ్లు కొరుక్కుంటా రోజూ ఇంటికి పోతాంటి.

ఆ నెలలోనే కాలేజీలో అష్టావధానం పెట్టినారు. చూడని పిల్లల కోసం చెప్తా. వేదిక మీద అవధాని ఒక్కడు, చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది. ఒకరు ఫలానాదాన్ని వర్ణించమంటారు, ఒకరు ఫలానా అక్షరం వాడద్దంటారు, ఒకరు చిక్కు సమస్య ఇస్తారు. ఒకరు ఉండుండి గంట కొడతాంటారు, ఆ లెక్క కూడా అవధాని మనసులోనే పెట్టుకోవాల. పద్యాలన్నీ ఒక్కో పాదం చొప్పున చెప్పుకుంటా పోయి, ఆఖర్న అన్నిటినీ వరసగా అప్పజెప్పాల. దాన్ని ధారణ అంటారు. వీళ్ళందరి మధ్యా ఒక మనిషి ఉంటాడు, అప్రస్తుత ప్రసంగి. అవధానిని కుదురుగా ఆలోచించుకోనీకుండా అడ్డదిడ్డంగా మాట్లాడటమే ఆ మనిషి పని. ఏమైనా అడగచ్చు, ఎప్పుడైనా అడగచ్చు. అవధాని నవ్వుతా జవాబు చెప్పి తీరాల. ఆ మనిషిని నోర్మూసుకోమనే హక్కు సభలో ఎవరికీ లేదు, అధ్యక్షునికైనా సరే. అది ఆనవాయితీ.

పనులు పంచుకునేదానికి కమిటీ కూర్చున్యాది. వర్ణన కరెస్పాండెంటు తీసుకున్నాడు. సమస్య హెడ్డుకు పోయింది. పేరున్న పనులన్నీ పంచెలు కట్టినోళ్ళకే పోయినాయి. గంట కొట్టేది మా చిన్న లెక్చరరుకు ఇచ్చినారు, ఎందుకంటే ఆ పనికి నోరు తెరవాల్సిన అవసరం లేదు. ఆఖరికి అప్రస్తుతం మిగిలింది. కరెస్పాండెంటు నా దిక్కు చూసి నవ్వినాడు. "మన మేడమ్‌కే ఇద్దాం. ఎట్లయినా అప్రస్తుతమే కదా మాట్లాడేది!" అందరూ నవ్వినారు. నేను ఇంకా గట్టిగా నవ్వినా. అంత తెలివైన మనిషి తన జన్మలో అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి చేసుండడు.

ఇంకో సంగతి కూడా ఉండాది. అవధానం ముగిసినంక ఆ సాయంత్రమే కమిటీ కూర్చొని కాంట్రాక్టులు తేల్చేది. అంటే ఏం చేసినా ఆ పైటాల సభలోనే చేయాల.

అవధాని కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. సన్నగా, శుభ్రంగా, ముఖాన నవ్వుతో ఉన్నాడు. నేను నమస్కారం పెట్టి రెండు మాటలు మాట్లాడేసరికి, "అబ్బో, మీ సీమ మాట ఎదురుగా వచ్చి తగులుతుందండీ" అన్నాడు. "ఇంగా తగల్లేదు స్వామీ, కూర్చోండి" అన్నా. హాలు నిండా అమ్మాయిలు. ముందు వరసలో కరెస్పాండెంటు భార్య. ఆమె ప్రతి ఫంక్షనుకూ పట్టుచీర కట్టుకొని వస్తాది, కూర్చుంటాది, పిల్లలకు ప్రైజులు ఇస్తాది, పోతాది. ఆమె గొంతు ఎట్లుంటాదో మా స్టాఫులో ఎవరికీ తెల్దు. వేదిక మీద నా పక్క కుర్చీలో మా చిన్న లెక్చరరు, ఒళ్ళో గంట పెట్టుకొని.

కరెస్పాండెంటు లేచి, గొంతు సవరించుకొని, వర్ణనకు విషయమిచ్చినాడు. "అవధాని గారూ! వాన పడతాండే చీకటి రాత్రి. ప్రియుని కోసం ఇల్లు దాటి పోతాండే అభిసారిక. ఆమె ధైర్యం కనపడాల, ఆమె ప్రేమ కనపడాల. అట్లా వర్ణించండి."

నిజం చెప్తాండా, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన పిల్ల నేల చూస్తాంది.

అవధాని మెరుపు వెలుగులో దావ వెతుక్కునే ఆడదాన్ని చెప్తా మొదటి పాదం ఎత్తుకున్నాడు. బాగా ఎత్తుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాల. నేను మైకు తీసుకున్నా.

"అవధాని గారూ, ఆయమ్మ యాడికి పోతాంది?"

"ప్రియుడి దగ్గరకు తల్లీ."

"ఆ టైములో బస్సుండదే!"

"ప్రేమకు టైంటేబుల్ ఉండదమ్మా."

పిల్లలు చప్పట్లు కొట్టినారు. కరెస్పాండెంటు కూడా కొట్టినాడు. అవధాని పక్క పృచ్ఛకునికి ఒక పాదం చెప్పి, రెండో చుట్టు మళ్ళా అభిసారిక కాడికి వచ్చినాడు.

"ఒక్క మాట స్వామీ. ఆయమ్మ ఏమన్నా ఉద్యోగం చేస్తాందా?"

"మా నాయికలకు ఉద్యోగాలుండవమ్మా."

"అదీ సంగతి! అందుకే అంత ధైర్యం. ఉద్యోగముంటే తెల్లారి గేటు కాడనే ఆపేస్తారు."

ఈసారి వచ్చిన నవ్వు వేరే నవ్వు. ఆ ఫోటో చూడని పిల్ల హాల్లో ఒక్కతీ లేదు. ఒకరి మోచేయి ఒకరు పొడుచుకుంటాండారు. కరెస్పాండెంటు ముఖంలో నవ్వు వాడిపోయింది. ఆయన హెడ్డు చెవిలో ఏదో చెప్పినాడు. హెడ్డు నాకు కండ్లతోనే దండం పెట్టినాడు. నేను ఫ్యాను దిక్కు చూసినా. ఇంగ లాభం లేదని కరెస్పాండెంటే మైకు తీసుకొని, "మేడమ్, కొంచెం ప్రస్తుతానికి రావాల" అన్నాడు.

అవధానికి మా ఊరి గొడవలేమీ తెల్దు. ఆనవాయితీ ఒక్కటే తెలుసు. "అయ్యా, ఆ తల్లి ప్రస్తుతానికి వస్తే ఆమె ఉద్యోగం పోతుంది కదా!" అన్నాడు నవ్వుతా. హాలు దద్దరిల్లింది. కరెస్పాండెంటు కూర్చున్నాడు.

మూడో చుట్టులో నేను అడిగినా. "ఇన్ని వందల ఏండ్లుగా ఇంతమంది కవులు అభిసారికను రాసినారు కదా స్వామీ. నీతి తప్పిందని ఆమెను తిట్టిన కవి ఒక్కడన్నా ఉన్నాడా?"

"నేను చదివినంతలో లేడమ్మా. తిట్టడానికి కవి ఎందుకు? ఇరుగుపొరుగు చాలరూ!"

"సరే, ఆఖరుది. ఆమె పదహారేండ్ల పడుచు కాదనుకోండి. ముప్పై దాటినాయి. మొగుడు చచ్చిపోయినాడు. బిడ్డ ఉండాది. తన కూడు తాను సంపాదించుకుంటాంది. అట్లాంటి మనిషి ఒకన్ని ఇష్టపడి, వాని కాడికి పోతాంది. మీ ఎనిమిది మంది నాయికల్లో ఆమె ఎవురు?"

అవధాని ముఖాన నవ్వు పోయింది. కోపం వచ్చి కాదు, నిజంగా వెతుక్కుంటాండాడు. కండ్లు మూసుకొని, తెరిచి, నన్ను చూసినాడు.

"అమ్మా, ఇంతవరకు నన్ను ఎవరూ ఇది అడగలేదు. ఆమె ఆ ఎనిమిదిలో లేదు. ఆమెను మేము రాయలేదు." ముందుకు వంగి, "రాయమంటే ఇప్పుడు రాస్తాను. కానీ తెలియకుండా ఎలా రాసేది? ఆమె ఎలా వస్తుంది? చీకట్లోనా? ముసుగు వేసుకునా? చెప్పండి" అన్నాడు.

అప్పుడు నా నోరు పడిపోయింది. నన్ను తెలిసినోళ్ళు నమ్మరు గానీ, పడిపోయింది. అడిగేంతవరకే నా పని. చెప్పాలంటే ఆ బతుకు నాది కాదే! మైకు పట్టుకొని దిక్కులు చూస్తాంటే, ఎవురో నా చేతిలోంచి మైకు లాక్కున్యారు.

మా పిల్ల గంట కింద పెట్టి లేచి నిలబడుకొని ఉండాది.

"పగలే వస్తాది సార్. స్కూటీలో. ముందర బిడ్డ నిలబడుకొని ఉంటాది. ముసుగెందుకు సార్? ఎండకని రోజూ చున్నీ కట్టుకుంటా గానీ, ఆదివారం అదీ కట్టుకోలేదు. దావలో గొర్రెలు అడ్డమొస్తే హారన్ కొట్టుకుంటా పోయినాం. దాక్కునేదానికి నేనేం తప్పు చేసినా?"

'ఆమె' అని మొదలుపెట్టి 'నేను' దాకా వచ్చిందని ఆమెకు తెలిసో లేదో. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఇన్నేండ్లు పద్యాలు చెప్పినా ఒక్క పద్యానికి ఏడ్చినదాన్ని కాదు నేను.

అవధాని ఆమెను చూసినాడు, నన్ను చూసినాడు, కరెస్పాండెంటును చూసినాడు. మా ఊరి గొడవ మొత్తం ఆ మూడు చూపుల్లో ఆయనకు అర్థమైపోయింది. "అమ్మా, గంట మరిచిపోయావు" అన్నాడు మెల్లగా. ఆమె ఉలిక్కిపడి గంట తీసి టంగుమని కొట్టింది. పిల్లలు ఊపిరి పీల్చుకొని నవ్వినారు.

ధారణకొచ్చినారు. ఒక్క అక్షరం తప్పు పోకుండా అన్ని పద్యాలూ అప్పజెప్పినాడు. కరెస్పాండెంటు అడిగిన అభిసారికనూ మెరుపులతో, ఉరుములతో నిండుగా చెప్పినాడు. అందరూ లేవబోతాంటే చెయ్యెత్తి ఆపినాడు. "ఇంకొకటి ఉంది. ఇది లెక్కలో లేని పద్యం. అప్రస్తుతానికి నా జవాబు."

బండి మీద బిడ్డ, పట్టపగలె రాక,
ముసుగు లేదు, దాగు ముచ్చటేది?
కాలి యందె గాదు, గట్టిగా హారను;
ఇట్టి నాయికమ్మ కేది పేరు?

చెప్పి, చేయి సభ దిక్కు చాపి, అట్లనే నిలబడినాడు. "శాస్త్రంలో పేరు లేదు. సభే చెప్పాలి" అన్నాడు.

ఎవురూ పలకలేదు. పేరు తెలీక కాదు. ఆ పేరు పలికిన పిల్ల ఇంటికి ఫోను పోతాదని అందరికీ తెలుసు. కరెస్పాండెంటు కండ్లు హాలంతా తిరుగుతాండాయి. హెడ్డు తన చెప్పులు చూసుకుంటాండాడు. ఇంగ ఒక్క నిమిషం అట్లనే ఉంటే సభ ముగిసిపోతాది, పిల్ల బతుకు కూడా ఆ గమ్మునతనంలోనే తేలిపోతాది. నేనే చెప్పేద్దామని నోరు తెరిచినా.

అంతలో ముందు వరసలోంచి ఒక గొంతు, సన్నగా, ఏ తొందరా లేకుండా, మా పిల్ల పేరు చెప్పింది. పేరు చెప్పి, పక్కన 'మేడమ్' అని కూడా చేర్చింది. కరెస్పాండెంటు భార్య. లేవలేదు, చేయెత్తలేదు, ఒళ్ళో ప్రైజుల ట్రే పెట్టుకొని కూర్చున్న చోటనే చెప్పింది.

ఆ తర్వాత పిల్లల్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. బెంచీల మీద చేతులతో కొడతా ఆ పేరే పేరు. ఆ పేరు నేనీడ రాయను. ఆమె సంసారం ఆమెది.

సాయంత్రం కమిటీలో స్టాఫు తరఫున నేనూ ఉన్నా. హెడ్డు ఫైలు తెరిచి, దగ్గి, "సార్, ఆ కాంట్రాక్టు సంగతి..." అన్నాడు.

"పొడిగించండి" అన్నాడు కరెస్పాండెంటు, ఎవురి ముఖమూ చూడకుండా.

"తల్లిదండ్రులు..."

"తల్లిదండ్రులకు నేను చెప్పుకుంటా. పెండ్లైన కాడి నుంచి నా పెండ్లాము నలుగురిలో మాట్లాడింది ఈ పొద్దు ఒక్క మాట. అది కాదని నేను ఇంటికి పోవాల్నా? నాకు సంగటి ఎవురు పెడతారు, నువ్వు పెడతావా?" హెడ్డు పెట్టలేడు కాబట్టి సంతకం పెట్టినాడు. కరెస్పాండెంటు అప్పుడు నా దిక్కు తిరిగినాడు. "నీకు మాత్రం ఇంగ జన్మలో అప్రస్తుతం ఇయ్యను."

"సరే సార్, ఈసారి వర్ణన ఇయ్యండి" అన్నా.

తల్లిదండ్రుల గ్రూపు సంగతి అడుగుతారేమో. ఎవురో తల్లి అవధాని పద్యాన్ని అదే గ్రూపులో పెట్టింది. కింద దండాల బొమ్మలు పెట్టినోళ్ళలో పోయిన వారం నీతి నీతి అని అరిచినోళ్ళు కూడా ఉన్నారు. పద్యంలోకి ఎక్కినంక మర్యాద దానంతట అదే వచ్చింది.

ఎండాకాలంలో పెండ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. కరెస్పాండెంటు పిలవకముందే వచ్చినాడు, సాక్షి సంతకం నాదే అన్నాడు, పెట్టినాడు. పెట్టి ఊరుకుంటే ఆయన ఎట్లయితాడు? ఈ పెండ్లి తన కాలేజీ అభ్యుదయమంట, సాహిత్యం సమాజానికి దావ చూపాలంట, అన్నానికి పోయే టైములో రిజిస్ట్రారును పట్టుకొని ఉపన్యాసం మొదలుపెట్టినాడు. రిజిస్ట్రారు పాపం టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకొని ఊ కొడతాండాడు. లైన్‌మన్ వాళ్ళ బిడ్డను భుజాన ఎక్కించుకొని ఆడిస్తాండాడు. మా పిల్ల ఎర్రచీరలో, మెడలో పూలదండతో, నా చేతిసంచీలో మిఠాయి పొట్లం వెతుకుతాంది.

కరెస్పాండెంటు భార్య వరండాలో కుర్చీలో కూర్చొని ఉంటే పోయి పక్కన కూర్చున్నా. ఇంతకాలం నా నోట్లో నానుతాండే మాట అడిగేసినా. "అమ్మా, ఆ పొద్దు మీకు అంత ధైర్యం ఎట్లొచ్చింది?"

"ధైర్యమేంది మేడమ్?" అనింది. "పెండ్లైన కాడి నుంచి ఆయన నోట ఆడోళ్ళ పేర్లే వింటాండా. అన్నం కాడ ఒక రాణి పేరు, పండుకునే కాడ ఇంకొక రాణి పేరు. ఒక్కతన్నా నాకు తెలిసినది కాదు. ఆ పొద్దు మొట్టమొదటి సారి నాకు తెలిసిన మనిషి పేరు అడిగినారు. చెప్పకుండా ఎట్లుంటా?" లోపల ఉపన్యాసం ఇంకా సాగుతానే ఉండాది. ఆమె కాసేపు విని, నవ్వి, "అంత పద్యాల మనిషి, నన్ను మాత్రం 'ఇదో' అని పిలుస్తాడు మేడమ్" అనింది.

ఇన్నేండ్లుగా చూస్తాండా, ఆమె పేరు నాకూ తెల్దు. "మీ పేరేందమ్మా?" అని అడిగినా.

ఆమె చెప్పింది. లోపల రిజిస్ట్రారుకు సాహిత్యం చెప్తాండే మనిషికి కూడా వినపడేటట్టు, కొంచెం గట్టిగానే చెప్పింది.